పక్క సీటులో నలభై ఎనిమిదిన్నర కిలోలు

"నిన్న సోలో కొట్టేను చాచా" అన్నాడు ఆ కుర్రాడు, ఊరందరికీ మిఠాయి పంచబోయేవాడి మొహంతో.

కాటాల హనీఫ్ చేతిలో సుత్తి గాలిలోనే ఆగిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఇనప గుళ్ళ మీద సుత్తి మోగించిన చెవులు ఆయనవి. వచ్చిన మాటల్లో సగం లోపలికి వెళతాయి, సగం గుమ్మంలోనే కూలబడతాయి. ఆయనకు వినపడింది "సోలెడు కొట్టేను" అని. తవ్వలూ సోలలూ తన చేత్తో తయారుచేసిన మనిషికి సోలెడు కల్లంటే ఎంతో, అది కడుపులో పడ్డవాడు ఎటు సోలుతాడో ఒకరు చెప్పక్కర్లేదు.

"ఒక్కడివేనా, తోడెవరైనా ఉన్నారా?"

"తోడుంటే సోలో ఎలాగవుతాది చాచా? పక్కనెవరూ ఉండకూడదు. రూలు."

"దీనికి రూలొకటా. ఎంతసేపు?"

"పదకొండు నిమిషాలు. దిగేసరికి కాళ్ళు వణికిపోయేయి. నేల ఉందో లేదో తెలీలేదు. మా సారు వచ్చి భుజం తట్టి, రేపట్నించి రోజూ కొట్టాల్రా అన్నాడు."

హనీఫ్ సుత్తి కింద పెట్టి, రెండు చెంపలూ తట్టుకున్నాడు. ఈ అబ్బాయి జియావుద్దీన్. బెల్లం వర్తకుడు ఆదం సాహెబుకి అన్న కొడుకు. ఆదం పోయాక ఆ కొట్టునీ ఈ కుర్రాణ్ణీ కూడా పిన్ని ఖమర్జహానే నడుపుకొస్తోంది. నమాజు తప్పని ఇల్లు. ఆ ఇంటి పిల్లాడు తాగడమే కాక, తాగించే సారు దగ్గర పాఠం కూడా చెప్పించుకుంటున్నాడు.

కొట్టుకీ ఇంటికీ మధ్య ఒక పాత తెర ఉంది. దాని వెనక హనీఫ్ కూతురు రెహానా ఎర్ర దుపట్టా అంచు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. ఇక ఆపుకోలేక గొంతు మాత్రం తండ్రి దగ్గరికి పంపింది.

"అబ్బా, ఆయన కొట్టింది కల్లు కాదు, గాలిలో చక్కరు. సోలో అంటే పక్కన నేర్పేవాడు లేకుండా విమానం ఒక్కడే నడపడమట."

హనీఫ్ ఈ ముక్కను రెండుసార్లు చెప్పించుకుని, చెంపలు మళ్ళీ తట్టుకున్నాడు, ఈసారి అనవసరంగా అనుమానపడ్డందుకు. జియావుద్దీన్ మాత్రం తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. మొహం కనపడలేదు. తెర కింద రెండు పాదాలు, కిసుక్కుమన్న చప్పుడు మాత్రం ఉన్నాయి. పదకొండు నిమిషాలు వెయ్యి అడుగుల పైన నిబ్బరంగా ఉన్నవాడికి, నేల మీద నిలబడి ఉండగా కళ్ళు తిరిగాయి.

అవి వీశెలూ మణుగులూ పోయి కిలోలు వచ్చిన కొత్త రోజులు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ప్రతి కాటా మీదా గీతలు మార్చాలి. హనీఫ్‌కి అన్నం తినడానికి తీరిక లేదు. జియావుద్దీన్ కూడా వచ్చింది సోలో కబురు చెప్పడానికి కాదు, పిన్ని కొట్టులో కాటా బాగుచేయించుకుపోడానికి.

ఆ కాటా బిగించడం అయ్యాక హనీఫ్ ఎప్పటిలాగే కేక పెట్టాడు. "బేటీ, రా."

ఇది ఆ కొట్టు పద్ధతి. అసలు గుళ్ళతో పరీక్ష చేసే ముందు హనీఫ్ కూతుర్ని బల్ల మీద నిలబెట్టి చూసుకుంటాడు. పదేళ్ళప్పటి నుంచీ అంతే. రెహానా బరువు సరిగ్గా చూపిస్తే కాటా దారిలో పడ్డట్టు. పందొమ్మిదేళ్ళు వచ్చినా ఆయన ఆ పద్ధతి మానలేదు, ఆ అంకెను వీధి చివరికి వినపడేలా చదవడమూ మానలేదు. తన చెవికి వినపడాలంటే అంత గొంతూ కావాలి మరి.

"నలభై ఎనిమిదిన్నర! పాత లెక్కన ముప్పై నాలుగున్నర వీశెలు, కొంచెం మొగ్గు."

ఆ మార్కెట్లో ఆ రోజు బెల్లం ధర తెలియనివాడు ఉండొచ్చుగానీ రెహానా బరువు తెలియనివాడు ఉండడు. ఆమెకు బరువు లెక్కలేదు, పోతున్నది పరువని బాధ. దుపట్టా ముందుకు లాక్కుని, కాటా దిగి, ఎదురుగా నిలబడ్డ కుర్రాణ్ణి ఒక్క చూపు చూసి లోపలికి పోయింది. ఆ చూపు బరువు తూచే కాటా హనీఫ్ దగ్గర లేదు.

జియావుద్దీన్ కాటా బండి మీద పెట్టించుకుపోతానన్నాడు. హనీఫ్ ఇవ్వలేదు. ఇన్స్పెక్టరు వచ్చి ముద్ర కొట్టేదాకా అది కొట్టు దాటదన్నాడు.

"సరిగ్గానే తూస్తోంది కదా చాచా."

"తూస్తాది. అయినా తూచకూడదు. ముద్ర నా పనితనం కోసం కాదు బాబూ. నన్ను ఎరగనివాడు కూడా నమ్మి సరుకు పెడతాడు చూడు, వాడి కోసం. ముద్ర లేకండా తూచినోడు, సరిగ్గా తూచినా దొంగే."

జియావుద్దీన్ నవ్వాడు. అచ్చం ఇదే మాట వైజాగు ఫ్లయింగ్ క్లబ్బులో తన సారు కూడా అంటాడని చెప్పి, ఉత్త చేతులతో రైలుకి పోయాడు.

ముద్ర పడిందా అని అడగడానికి ఆ నెలలో అతను నాలుగుసార్లు వచ్చాడు. ముద్ర రెండో వారంలోనే పడి, కాటా పిన్ని కొట్టుకి చేరింది. తక్కిన రెండుసార్లూ ఎందుకొచ్చాడో రెహానా అడగలేదు, అతను చెప్పలేదు. రెహానా తల్లి షహజాదీ మాత్రం ఆ రెండుసార్లూ టీలో చక్కెర కాస్త ఎక్కువే వేసింది.

నాలుగోసారి వచ్చినప్పుడు వాన పట్టుకుంది. హనీఫ్ దేవరాపల్లి సంతకు పోయి ఉన్నాడు. షహజాదీ వంటింట్లోంచే చూరు కింద కూర్చోమంది. చూరు నుంచి నీళ్ళు ఒక తెర, గుమ్మంలో గుడ్డ ఒక తెర. రెండు తెరల మధ్య పైలటుగారు చిక్కుకుపోయారు.

రెహానా ఆకాశంలోంచి వాన ఎలా ఉంటుందని అడిగింది. పైనుంచి చూస్తే వాన ఊరి మీదికి నడిచి వస్తున్నట్టుంటుందని, వెనక కాళ్ళు తడిసి ముందు కాళ్ళు తడవని ఏనుగులా ఉంటుందని అతను చెప్పాడు. శారదా నది పాపిటలో జారిన వెండి గొలుసులా కనపడుతుందన్నాడు. ఆమె తెర అంచు వేలికి చుట్టుకుంది. తర్వాత మెల్లగా అంది.

"ఒక్కసారి నన్నూ ఎక్కించరూ. రెండు సీట్లుంటాయి కదా."

"ఎక్కించను."

అంత పొట్టి జవాబు ఆమె ఊహించలేదు.

"లైసెన్సు వచ్చేదాకా నేను ఒక్కణ్ణే ఎగరాల. లేకపోతే మా సారు పక్కనుండాల. ఇంకెవరూ ఎక్కకూడదు."

"ఎవరు చూస్తారు, మబ్బులా?"

"ఎవరూ చూడరు. అయినా ఎక్కించను."

"భయమా?"

"అవును" అన్నాడు. దాచుకోలేదు. చుబుకం కింద ఒక పాత మచ్చ ఉంది అతనికి. దాన్ని బొటనవేలితో ఒకసారి తడుముకున్నాడు.

"ఏటో అనుకున్నాను. పైలటంటే మీకు పైన లోటే" అంది రెహానా, వాన కంటే చల్లగా. అతను నవ్వుతాడేమోనని చూసింది. నవ్వలేదు. వాన పూర్తిగా వెలవకుండానే లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాలుగు నెలలు కాటాకి ఏ జబ్బూ చేయలేదు, అతనూ రాలేదు. పొద్దున పాసింజరులో వైజాగు పోవడం, సాయంత్రం తిరిగి రావడం మాత్రం ఊళ్ళో వాళ్ళు చూస్తున్నారు. రెహానా తన నోటిని తానే తిట్టుకుంది. జారిన మాట పావలా ఎత్తు, పోయింది మణుగు. అలాంటి సమయంలో ఒక ఆదివారం ఖమర్జహాన్ పళ్ళెంలో ఖర్జూరాలు పెట్టుకుని వచ్చి, మా వాడికి మీ పిల్లని ఇస్తారా అని నేరుగా అడిగేసింది.

హనీఫ్ తూచి మాట్లాడే మనిషి. శుక్రవారం నమాజు అయ్యాక చెబుతానన్నాడు. తెర వెనక రెహానా గుండె బల్ల లేని కాటాలా పైకీ కిందికీ ఊగింది. అబ్బా అవునంటాడని ఆమెకు తెలుసు. ఖర్జూరం ఒకటి ఆయన అప్పుడే నోట్లో వేసుకున్నాడు.

బుధవారం కొర్లమ్మ వచ్చింది.

కొర్లమ్మ పూడిమడక నుంచి చేపలు తెచ్చి ఆ వీధిలో ఇంటింటికీ అమ్ముతుంది. మంగళవారం వైజాగులో కూతుర్ని చూసి వస్తోందట. తట్ట దించీ దించకముందే మొదలుపెట్టింది.

"ఈ కళ్ళతోటే సూసేను సాయిబుగోరూ. రైలు సింహాచలం టేసన్ కాడ ఆగిపోనాది. నెత్తిమీద ఇమానం, ఇదిగో, ఆ కొబ్బరి సెట్టంత ఎత్తున దిగుతన్నాది. మన జియావుద్దీను బాబే. పక్కన ఎర్ర ముసుగేసుకుని ఓ ఆడకూతురు. కూసింత పొట్టి. మహా మరేద గల పిల్ల బాబూ. ఇటు సూడదు, అటు సూడదు. సెయ్యన్నది బయటికి అగుపించనీలేదు."

హనీఫ్‌కి ఈ మాటలు ఒక్క అక్షరం పోకుండా వినపడ్డాయి. వినకూడనివి వినిపించడంలో ఆయన చెవులు ఎన్నడూ మోసం చేయలేదు.

మంగళవారమంతా రెహానా ఇంట్లోనే ఉంది. కాబట్టి ఆ ఆడకూతురు రెహానా కాదు. తండ్రికి అదొక ఊరట. కూతురికి అదే మంట. విమానం కొట్టిన చక్కరు ఒకటే, తండ్రికి అది అవమానంగా దిగింది, కూతురికి అనుమానంగా దిగింది.

"ముద్ర పడని కాటా మీద మనిషి ప్రాణాన్ని పెట్టేడు" అన్నాడు హనీఫ్.

ఎవరి ప్రాణం అన్నదే రెహానా బాధ. తనని ఎక్కించడానికి రూలు అడ్డొచ్చింది. ఆ మర్యాద గల పిల్లకి రూలు పక్కకి జరిగి సీటు కూడా ఇచ్చింది. దానికీ ఎర్ర దుపట్టాయే దొరికిందా.

ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. గురువారం కూడా పళ్ళెం ముందు కూర్చుని లేచింది. షహజాదీ కొర్లమ్మ దగ్గర కొన్న చేపలు పక్కింటికి ఇచ్చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఖమర్జహాన్ మళ్ళీ ఖర్జూరాల పళ్ళెంతో వచ్చింది. వెనక జియావుద్దీన్, ఇస్త్రీ చొక్కాలో, చెవులు కూడా ఇస్త్రీ చేసుకున్నట్టు ఎర్రగా. ఎదురు కొట్టు బంగారయ్య బెల్లం బేరం వదిలి అరుగు మీదికి వచ్చేశాడు. కొర్లమ్మ తట్ట పక్కన పెట్టి కూర్చుంది. ఇంకో పదిమంది ఏ పనీ లేకుండా పని ఉన్నట్టు నిలబడ్డారు.

హనీఫ్ కేకలు వేయలేదు. "అమ్మా, నీ మీద గౌరవం ఉంది. కానీ ముద్ర లేని కాటాని ఒక్క రోజు బయటికి పంపను నేను. లైసెన్సు లేకండా పరాయి మనిషిని గాలిలోకి ఎక్కించినోడికి పిల్లనెలా ఇత్తాను? మంగళారం ఎర్ర ముసుగులో ఎవరున్నారో నాకు అక్కర్లేదు. ఎవరైనా ఒకరి కూతురే."

జియావుద్దీన్ మొహంలో ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఏదో అర్థమైంది. అతను పిన్ని వైపు దొంగచూపు చూశాడు.

"ఎర్ర దుపట్టాయా?" అంది ఖమర్జహాన్ నెమ్మదిగా. "జరీ బుటాలదేనా? నాలుగు నెలల్నించీ వెతుకుతున్నాను. చాకలి అప్పలనర్సమ్మని ఎన్ని మాటలన్నాను."

"అది మనిషి కాదు చాచా" అన్నాడు జియావుద్దీన్. "బెల్లం."

బంగారయ్య నలభై ఏళ్ళుగా బెల్లం అమ్ముతున్నాడు. అది విమానం ఎక్కడం అతనికీ కొత్తే.

"బెల్లానికి ముసుగెందుకురా?" అన్నాడు హనీఫ్.

జియావుద్దీన్ అప్పుడు చెప్పాడు. మూడేళ్ళ కిందట వేరే ఊళ్ళో ఉన్నప్పుడు అతనికో స్నేహితుడు ఉండేవాడు. వాడూ విమానం నేర్చుకుంటున్నాడు. సోలో అయ్యింది, లైసెన్సు కాలేదు. ఒక ఆదివారం నేర్పేవాళ్ళు లేని సమయంలో స్నేహితుణ్ణి పక్కన ఎక్కించుకున్నాడు. అప్పటిదాకా ఒంటరిగా, తేలిగ్గా లేచే విమానమే వాడికి తెలుసు. పక్క సీటులో మనిషి బరువు పడేసరికి అది లేవాల్సిన చోట లేవలేదు. వాడు కంగారుపడి విమానాన్ని పైకి లాగాడు. మైదానం చివర గట్టుకి తగిలి బోర్లాపడింది. వాడికి రెండు కాళ్ళూ విరిగాయి.

"పక్క సీట్లో కూర్చున్నోణ్ణి నేనే" అని చుబుకం ఎత్తి మచ్చ చూపించాడు. "ఎవరూ చూడరు కదా, ఎక్కించరా అన్నోణ్ణీ నేనే."

తెర కొద్దిగా కదిలింది. ఆ మాట అన్నవాళ్ళు లోకంలో ఇద్దరున్నారు. ఇద్దరూ ఆ కొట్టులోనే ఉన్నారు.

అందుకే పక్కన బరువు ఉంటే విమానం ఎలా లేస్తుందో, ఎలా దిగుతుందో ముందే నేర్చుకుంటానని సారుని అడిగానన్నాడు. సారు ఇసుక బస్తా కట్టి ఎగరమన్నాడు. రెండోరోజే బస్తా చిరిగి ఇసుక కారింది, అది కాలి దగ్గరి పెడళ్ళలో పడితే ప్రమాదం. గోనెలో వేస్తే పీచు రాలుతుంది. అనకాపల్లి మనిషికి అప్పుడు తట్టేది ఒక్కటే. పిన్ని కొట్టులోంచి నాలుగు గట్టి బెల్లం దిమ్మలు తెచ్చాడు. పొడి రాలకుండా, చీమ పట్టకుండా పిన్ని దుపట్టాలో చుట్టి, సీటు బెల్టూ పైన తాడూ బిగించాడు. సారు రోజూ ముడి లాగి చూశాకే ఎగరనిచ్చేవాడు.

"అదా సంగతి" అంది కొర్లమ్మ. "సేతులు లేవేటా అనుకున్నాను."

హనీఫ్ మాట మీద నమ్మే మనిషి కాదు. తెప్పించమన్నాడు. నిన్న అతను రైల్లో వెనక్కి తెచ్చిన దిమ్మలు పిన్ని కొట్టులోనే, బస్తాల వెనక ఉన్నాయి. పావుగంటలో బండి వచ్చింది, దిమ్మలతో పాటు పిన్ని కొట్టు కాటా కూడా ఎక్కించుకుని. దుపట్టా మూట అలాగే ఉంది, ముడి మీద ముడి, ఒక చోట వానకి కాస్త అంటుకుని, నాలుగు చీమలు ప్రయాణికుల్లా అంచున తిరుగుతూ. దుపట్టా విప్పి తన భుజాన వేసుకుంది ఖమర్జహాన్, జిగురుగా ఉన్నా సరే. దిమ్మలు ముద్ర పడ్డ ఆ పాత కాటా మీదే పెట్టారు. హనీఫ్ గుండు జరిపాడు.

"నలభై ఎనిమిదీ పావు" అని చదివాడు, వీధి చివరికి వినపడేలా.

"మొదట్లో నలభై ఎనిమిదిన్నర ఉండేది చాచా" అన్నాడు జియావుద్దీన్ నేల చూస్తూ. "ఆ పావు మా సారు టీతో నంజుకున్నాడు."

బంగారయ్య కణత గోక్కున్నాడు. "నలభై ఎనిమిదిన్నర. ఈ అంకె ఎక్కడో విన్నట్టుందే."

అరుగు మీద ఒకడు నవ్వాడు. వాడి పక్కవాడు నవ్వాడు. నవ్వు వీధి దాటి బెల్లం మార్కెట్ వైపు నడిచింది. ఊరందరికీ తెలిసిన ఆ అంకెకి అర్థం ఊరందరికీ ఒకేసారి తెలిసింది. ఇసుకైతే ఏ బరువైనా సరిపోయేది. ఈ కుర్రాడు నాలుగు నెలలుగా ఒకే ఒక్క బరువుతో లేచి, ఒకే ఒక్క బరువుతో జాగ్రత్తగా నేలకు దిగుతున్నాడు. అలా ఎన్నిసార్లు దించావని హనీఫ్ అడిగాడు. నూట పన్నెండుసార్లు, ఒక్కసారి కూడా కుదుపు లేకుండా అన్నాడు. నిన్ననే పరీక్ష అయిందని, నెగ్గానని, లైసెన్సు కాగితం ఢిల్లీ నుంచి రావాలని కూడా అన్నాడు గానీ ఆ నవ్వుల్లో అది ఎవరికీ పట్టలేదు.

తెర పక్కకి జరిగింది.

పదిమందిలో తన బరువు చదివితే సిగ్గుతో చచ్చిపోయే పిల్ల, ఈసారి ఎవరూ పిలవకుండా వచ్చింది. ఎర్ర దుపట్టా సర్దుకుంది. దిమ్మలు దించిన కాటా మీద, వాటి స్థానంలో, తనంతట తాను ఎక్కి నిలబడింది. తండ్రి వైపు చూడలేదు. చూడాల్సిన వైపే చూసింది. నాలుగు నెలల కిందట వాన కంటే చల్లగా పడ్డ మాట ఆ చూపులో కరిగిపోయింది, తడిసిన బెల్లంలా.

హనీఫ్ అలవాటుగా గుండుని నలభై ఎనిమిదిన్నర దగ్గర పెట్టాడు. కాటా దండి నిలవలేదు. వెనక్కి జరిపాడు, ఇంకాస్త జరిపాడు. బెల్లం తూగిన పావు గీత దగ్గరే నిలిచింది.

చదవడానికి నోరు తెరిచాడు. తెర వెనకనుంచి షహజాదీ గొంతు వినపడింది. "బుధారం నించీ మెతుకు ముట్టలేదు. బరువు తగ్గక ఏటవుద్ది మరి."

ఆయన ఆ అంకెను పైకి చదవలేదు. తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. ముక్కు ఒకసారి గట్టిగా చీది, చేయి చొక్కాకి తుడుచుకుని, ఖమర్జహాన్ పళ్ళెంలోంచి ఖర్జూరం తీసుకున్నాడు.

జియావుద్దీన్ దిమ్మ అంచు నుంచి ఒక పెచ్చు విరిచి పట్టుకొచ్చాడు. "ముందు ఇది తినండి. తూకం సరిపోవాలి కదా."

రెహానా పుచ్చుకుంది. రెండు రోజుల తర్వాత నోట్లో పడ్డ మొదటి ముక్క అది. "దీన్ని తినేత్తే రేపు పక్క సీట్లో ఏటి పెడతారు?"

"ఏటీ పెట్టను. ఢిల్లీ నించి కాగితం వచ్చేదాకా ఆ సీటు ఖాళీ."

"వచ్చేక?"

అతను జవాబు చెప్పాడు. అది హనీఫ్ చెవి గుమ్మంలోనే కూలబడింది. ఏమన్నాడు, ఏమన్నాడని ఆయన అందర్నీ అడిగాడు. ఎవరికి వారు చెప్పబోయారు, ఎవరిదీ వినపడలేదు. చివరికి కొర్లమ్మ లేచి, సముద్రం మీద పడవని పిలిచే గొంతుతో, అటు బెల్లం మార్కెట్ నుంచి ఇటు స్టేషను దాకా అందరికీ తెలిసేలా విప్పి చెప్పింది.

"మంగళారం ఇమానంలో ఉన్నది ఆడకూతురు కాదు, బెల్లం. ఆ బెల్లం ఎవురి బరువో ఆ పిల్లే ఈ పిల్ల. కాయితం వచ్చినాకే ఎక్కిత్తాడంట, ముందు ఎక్కించడంట. నాను సెప్పిందాంట్లో తప్పేటుంది సాయిబుగోరూ? మరేద గల పిల్లని ముందే అన్నాను."